లింకన్ ఓడిన ఎన్నిక
(ఇల్లినాయ్ రాష్ట్రమున 1858లో జరిగిన సెనేటు ఎన్నికను గురించిన ప్రసంగ పాఠము)



అబ్రహాం లింకన్ పేరు వినని విద్యావంతులు మన దేశమున అరుదు. దుంగలతో కట్టిన పేద ఇంట పుట్టి అధ్యక్ష పీఠమును అధిష్ఠించిన ఆయన కథను పాఠశాల వాచకములు తరతరములుగా పిల్లలకు చెప్పుచునే యున్నవి. అయితే ఆ వాచకములు ఒక సంగతిని ఒక్క వాక్యముతో దాటిపోవును. 1860లో అధ్యక్షుడుగా ఎన్నికగుటకు రెండేండ్ల ముందు, తాను స్థిరపడిన ఇల్లినాయ్ రాష్ట్రమున, ఒక సెనేటు స్థానమునకై లింకన్ వేసవి మొదలు నవంబరు వరకు ఊరూరు తిరిగి పోరాడెను. చివరకు ఓడిపోయెను. నేటి ప్రసంగమునకు ఆ ఓటమియే విషయము. గెలుపులను గురించి చెప్పువారు ఎందరో కలరు.

ముందుగా ఆ ఎన్నిక పద్ధతిని కొంత తెలిసికొనవలెను. అమెరికా రాజ్యాంగమును అనుసరించి ప్రతి రాష్ట్రమును, పెద్దదైనను చిన్నదైనను, సెనేటునకు ఇద్దరిని పంపును. పదవీకాలము ఆరేండ్లు. ఆ ఇద్దరిని ఎన్నుకొను అధికారమును రాజ్యాంగ నిర్మాతలు ప్రజలకు నేరుగా ఈయక, రాష్ట్ర శాసనసభలకు ఇచ్చిరి. ఈ ఏర్పాటు భారతీయులకు వింతగా తోచదు. 1952 మే 13న తొలిసారి సమావేశమైన మన రాజ్యసభకు గూడ రాష్ట్రముల నుండి సభ్యులను ఎన్నుకొనువారు శాసనసభ్యులే. భేదములు లేకపోలేదు. మనకు స్థానములు జనాభాను బట్టి వచ్చును. 2014లో రాష్ట్రము విడిపోయిన పిదప ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7 ఉన్నవి. ఓటరు తన యిష్టము వచ్చిన వరుసలో అభ్యర్థుల కెదుట 1, 2, 3 అని అంకెలు వేయును. ఇల్లినాయ్‌లో అట్లు గాదు. ఎగువసభలోని 25 మందియు, దిగువసభలోని 75 మందియు ఒకచోట కూడి, ఒక స్థానమునకు ఒకరిని అధిక సంఖ్యాకుల ఓటుతో ఎన్నుకొనెడివారు.

కావున 1858 నవంబరులో ఇల్లినాయ్ పౌరుడు పెట్టెలో వేసిన చీటీపై లింకన్ పేరు లేదు. ఆయన ప్రత్యర్థి స్టీఫెన్ డగ్లస్ పేరును లేదు. ఓటరు తన ప్రాంతపు శాసనసభ్యుని మాత్రమే ఎన్నుకొనెను. అయినను ఆ రాష్ట్రమున ఓటు వేసిన ప్రతివానికిని తాను ఎవరిని గెలిపించుచున్నాడో తెలియును. శాసనసభ గోడల నడుమ తేలవలసిన వ్యవహారమును ఆ ఇద్దరును పొలములకు, సంతబయళ్లకు, రైలు నిలయములకు తీసికొనివచ్చిరి. ఈ ఎన్నిక ప్రత్యేకత యంతయు అందే కలదు.

ఇక అభ్యర్థులు. డగ్లస్ 1813లో వెర్మాంట్ రాష్ట్రమున జన్మించి, యువకుడుగా ఇల్లినాయ్ చేరి, 1847 నుండి సెనేటరుగా ఉండెను. పొట్టివాడు, ఎత్తు సుమారు 5 అడుగుల 4 అంగుళములు. గొంతు మాత్రము నగారా. అభిమానులు ఆయనను చిన్న మహాకాయుడని పిలుచుకొనెడివారు. ఆయన మొదటి భార్య పుట్టింటి నుండి సంక్రమించిన మిసిసిపీ తోటలును, అందలి బానిసలును, ఆమె మరణానంతరము కుమారుల పక్షమున ఆయన నిర్వహణలో ఉండెనన్నది మరువరాని సంగతి. లింకన్ 1809లో కెంటకీ రాష్ట్రమున పుట్టెను. ఎత్తు 6 అడుగుల 4 అంగుళములు. స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున న్యాయవాది. 1847 నుండి 1849 వరకు రెండేండ్లు జాతీయ దిగువసభలో సభ్యుడుగా ఉండుట తప్ప ఢిల్లీ వంటి రాజధానిలో ఆయనకు చెప్పుకోదగిన పలుకుబడి లేదు.

లింకన్‌కు సెనేటు ఆశ కలుగుట అదియే మొదటిసారి గాదు. 1855 ఫిబ్రవరిలో రెండవ స్థానమునకు ఎన్నిక జరిగినప్పుడు మొదటి లెక్కింపులో అందరికంటె ఎక్కువ ఓట్లు ఆయనకే వచ్చెను. అయితే గెలుపునకు అవి చాలలేదు. బానిసత్వ విస్తరణను వ్యతిరేకించు డెమొక్రాట్లు అయిదుగురు, విగ్ పక్షమువానికి ఓటు వేయమని పట్టుపట్టి, లైమన్ ట్రంబుల్ అను వానిని నిలబెట్టిరి. లెక్కింపు వెంట లెక్కింపు సాగెను. మూడవ పక్షమున గవర్నరు మాటెసన్ బలము పుంజుకొనుచుండెను. తన ఓట్లు 15కు పడిపోయినంతట లింకన్ తనవారిని పిలిచి ట్రంబుల్‌కు ఓటు వేయుడని కోరెను. పదవ లెక్కింపులో ట్రంబుల్ 51 ఓట్లతో నెగ్గెను. మొదట అయిదు ఓట్లున్నవాడు గెలిచెను, నలుబదికి మించి ఉన్నవాడు తప్పుకొనెను! రాజకీయములందు ఇట్టి త్యాగము అపూర్వము కాదుగాని, అరుదు. లింకన్ వదలుకొన్న ఆ స్థానమే వరుసగా పలువురి చేతులు మారి, 1993లో కెరోల్ మోజ్లీ బ్రౌన్ అను నల్లజాతి మహిళకును, 2005లో బరాక్ ఒబామాకును దక్కెను. 1858లో లింకన్ కోరిన స్థానము అది కాదు. డగ్లస్ కూర్చున్న రెండవది.

ఆ కాలమున దేశమును రెండుగా చీల్చుచున్న ప్రశ్న బానిసత్వము. దక్షిణ రాష్ట్రములలో అది చట్టబద్ధము, ఉత్తర రాష్ట్రములలో నిషిద్ధము. పడమట ఇంకను రాష్ట్రములుగా ఏర్పడని విశాల భూభాగముల గతి యేమి? 1820లో మిసోరీ ఒడంబడిక అను పేర ఒక గీత గీసిరి. ఒక అక్షాంశమునకు ఉత్తరముననున్న ఆ భూములలో బానిసలు ఉండరాదు. 1854లో డగ్లస్ కాన్సాస్-నెబ్రాస్కా చట్టమును నెగ్గించి ఆ గీతను చెరిపివేసెను. బానిసత్వము కావలెనో వలదో ఆయా ప్రాంతముల ప్రజలే ఓటు వేసి తేల్చుకొందురుగాక అని ఆయన సిద్ధాంతము. వినుటకు ఇది ప్రజాస్వామ్యమువలెనే యుండును. అందులోని చిక్కు ఒక్కటే: ఎవరిని అమ్మవచ్చునో కొనవచ్చునో నిర్ణయింపబడుచున్నదో, వారికి ఆ ఓటులో భాగము లేదు.

చట్టము వెలువడిన వెంటనే కాన్సాస్‌లో రెండు పక్షములవారును తుపాకులతో దిగిరి. 1857 మార్చిలో డ్రెడ్ స్కాట్ అను బానిస వేసిన దావాలో ప్రధాన న్యాయమూర్తి టానీ తీర్పు చెప్పెను. నల్లవారు అమెరికా పౌరులు కాజాలరనియు, ఆ భూభాగములలో బానిసత్వమును నిషేధించు అధికారము కాంగ్రెసునకు లేదనియు దాని సారాంశము. ఆ యేడే కాన్సాస్‌లోని బానిస పక్షమువారు లెకాంప్టన్ అను ఊర ఒక రాజ్యాంగమును వ్రాసిరి. అది నిజమైన ప్రజాభిప్రాయము కాదని అందరికిని తెలియును. అధ్యక్షుడు బుకానన్ దానిని ఆమోదింపుమనెను. డగ్లస్ తన పక్షపు అధ్యక్షునే ఎదిరించెను. ప్రజలు నిర్ణయించవలెనని చెప్పినవాడు, ప్రజలను మోసగించు పత్రమును ఒప్పుకొనజాలడు గదా. ఈ ధైర్యమునకు ఆయనను మెచ్చుకొనక తప్పదు.

ఈ సభలోని వారికి ఇచట ఒక ముచ్చట చెప్పవలసియున్నది. అధ్యక్షుని కోపము ఎవరిమీద తీరెను? పోస్టుమాస్టర్ల మీద! ఆ రోజులలో కేంద్రప్రభుత్వ కొలువులన్నియు అధ్యక్షుని పక్షమువారికి పంచిపెట్టెడి తాయిలములు. ఇల్లినాయ్‌లో డగ్లస్ అభిమానులైన పోస్టుమాస్టర్లను, ఇతరోద్యోగులను బుకానన్ ప్రభుత్వము తొలగించి, వారి చోట డగ్లస్ శత్రువులను నియమించెను. సంజాయిషీ లేదు, విచారణ లేదు. ఒక ఎన్నికలో ఒక అభ్యర్థిని దెబ్బతీయుటకు తపాలా గుమాస్తా పొట్టకొట్టుట అప్పటికి అన్యాయముగా ఎవరికిని తోచలేదు. ఉద్యోగార్థులలో ఒకడు 1881లో అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను కాల్చిన పిదపనే, 1883లో, పరీక్షల ద్వారా నియామకములు జరుపు చట్టము వచ్చెను. విచారణ లేనిదే ఉద్యోగిని బర్తరఫ్ చేయరాదని మన రాజ్యాంగము 311వ అధికరణమున వ్రాసికొన్నవారి వెనుక ఇట్టి చరిత్రలు ఎన్నియో ఉన్నవి. లింకన్ సైతము యువకుడుగా న్యూ సేలం అను చిన్న ఊర మూడేండ్లు పోస్టుమాస్టరు పని చేసినవాడే.

అధ్యక్షుని ఎదిరించిన డగ్లస్‌ను చూచి, తూర్పు రాష్ట్రములలోని రిపబ్లికన్ ప్రముఖులు కొందరు ముచ్చటపడిరి. న్యూయార్కు పత్రికా సంపాదకుడు హొరేస్ గ్రీలీ, ఇల్లినాయ్ రిపబ్లికన్లు డగ్లస్‌కు పోటీ పెట్టకుండుట మేలని సలహా ఇచ్చెను. దూరమున నున్నవారి సలహా ఇల్లినాయ్ వారికి మింగుడుపడలేదు. 1858 జూన్ 16న స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కూడిన వారి పక్ష మహాసభ, సెనేటునకు తమ మొదటి అభ్యర్థియు, ఏకైక అభ్యర్థియు లింకనే యని తీర్మానించెను. శాసనసభ ఎన్నిక జరుగకముందే సెనేటు అభ్యర్థిని బహిరంగముగా ప్రకటించుట ఆనాటికి అలవాటు లేని పని. ఈ తీర్మానముతోనే ఎన్నిక స్వరూపము మారిపోయెను.

ఆ రాత్రి లింకన్ చేసిన ఉపన్యాసమును ముందుగా విన్న మిత్రులలో పలువురు దానిని మార్చుమని ప్రాధేయపడిరి. రెండుగా చీలిన ఇల్లు నిలువదను బైబిలు మాటను గ్రహించి, దేశము సగము బానిసగా, సగము స్వతంత్రముగా చిరకాలము ఉండజాలదనియు, అంతయు ఒకటియో అంతయు మరొకటియో కాక తప్పదనియు ఆయన చెప్పదలచెను. ఇది ఓట్లు తెచ్చు మాట కాదని మిత్రుల భయము. వారు భయపడినట్లే, డగ్లస్ ఆ యొక్క మాటను పట్టుకొని, లింకన్ అంతర్యుద్ధమును కోరుచున్నాడని ఎన్నిక అంతము వరకు ప్రచారము చేసెను. లింకన్ మాట మార్చుకొనలేదు.

జూలైలో డగ్లస్ చికాగోలో మాటాడగా మరునాడు లింకన్ అచటనే బదులు చెప్పెను. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోను ఇట్లే జరిగెను. డగ్లస్ కూడగట్టిన జనమును లింకన్ వాడుకొనుచున్నాడని ఎదుటిపక్ష పత్రికలు ఎగతాళి చేసినవి. అంతట జూలై 24న లింకన్ ఒక లేఖ వ్రాసి, ఒకే వేదికపై ఇద్దరమును వాదింతము రమ్మని పిలిచెను. పేరుమోసిన సెనేటరునకు దీనివలన లాభమేమియు లేదు, కాదనినచో పిరికివాడందురు. రాష్ట్రమునందలి తొమ్మిది పార్లమెంటు నియోజకవర్గములలో రెండింట ఇదివరకే మాటాడితిమి గనుక, మిగిలిన ఏడింట ఒక్కొక్క సభ చాలునని డగ్లస్ ఒప్పుకొనెను. ఆగస్టు 21న ఓటావాలో మొదలై, ఫ్రీపోర్ట్, జోన్స్‌బరో, చార్ల్స్‌టన్, గేల్స్‌బర్గ్, క్విన్సీ ఊళ్ల మీదుగా అక్టోబరు 15న ఆల్టన్‌లో ముగిసిన ఆ ఏడు వాదసభలు, అటుపిమ్మట ప్రపంచ ప్రసిద్ధములైనవి.

నియమములు సులభములు. మొదటివాడు ఒక గంట మాటాడును, రెండవవాడు గంటన్నర, మరల మొదటివాడు అరగంట. మొత్తము మూడు గంటలు. అధ్యక్షుని ప్రశ్నలు లేవు, గంట మ్రోగించి ఆపుట లేదు. ఎండలో, దుమ్ములో, చార్ల్స్‌టన్ వంటిచోట్ల వేలకొలది జనము నిలుచుండి వినిరి. హరికథకు, పురాణ కాలక్షేపమునకు తెల్లవారువరకు కూర్చుండిన మన పల్లెవారి సంతానమునకు మూడు గంటలు ఏపాటి! అయితే ఈ కథలో చివరకు మంగళహారతి లేదు. విన్నవారు ఇంటికిపోయి తమలో తాము తగవులాడుకొనవలసినదే.

డగ్లస్ ప్రత్యేక రైలులో ప్రయాణము చేసెను. దానికి తగిలించిన బల్లబండిపై ఒక చిన్న ఫిరంగి. ఊరు సమీపించినప్పుడెల్ల అది ప్రేలి సెనేటరు రాకను చాటును. లింకన్ మామూలు రైలుపెట్టెలో పోయెను. ఓటావా సభ ముగియగానే లింకన్‌ను అభిమానులు భుజములపై ఎత్తుకొని పోగా, ఆయన పొడుగైన కాళ్లు గాలిలో వ్రేలాడినవి. కాళ్లు వణకి నడువలేకపోవుటచేతనే మోసికొనిపోయిరని డగ్లస్ తరువాతి సభలలో వేళాకోళమాడెను. ఎన్నికల చమత్కారములు నూటయరువది యేండ్లలో పెద్దగా మెరుగుపడలేదు.

కార్యాలయములలో లఘులిపి విలువ తెలిసిన ఈ సభకు మరియొక విశేషము. చికాగోలోని ఎదురెదురు పక్షముల పత్రికలు రెండును తమ తమ లఘులిపి లేఖకులను ప్రతి సభకును పంపినవి. రిపబ్లికన్ పత్రిక పక్షమున రాబర్ట్ హిట్ అను యువకుడు వ్రాసికొనెను. వ్రాసిన కాగితములు రైలులో చికాగో చేరి, ఒకటి రెండు రోజులలో అచ్చయి, అచటినుండి దేశమంతట ప్రాకినవి. ప్రతి పత్రికయు తన నాయకుని వ్యాకరణము దిద్ది, ఎదుటివాని తప్పులను భద్రముగా అచ్చువేసెనని అపవాదు కలదు. ఎట్లైనను, ఇద్దరు నాయకులు ఎదురెదురుగా ఆడిన ప్రతి మాటయు ఇంత పూర్తిగా ఇంత శీఘ్రముగా జనులకు అందుట అంతకుముందు దాదాపుగా లేనిది. ఆ లేఖకుల వ్రేళ్లు లేనిచో ఇల్లినాయ్ వాదములు ఇల్లినాయ్‌లోనే మిగిలియుండెడివి.

వాదములలో మిక్కిలి పేరొందినది ఫ్రీపోర్ట్ ప్రశ్న. ఒక ప్రాంతము రాష్ట్రము కాకముందు, అచటి ప్రజలు బానిసత్వమును న్యాయసమ్మతముగా దూరముంచగలరా అని లింకన్ అడిగెను. ఉచ్చు స్పష్టముగనే యున్నది. ఉంచలేరనినచో డగ్లస్ తన ప్రజానిర్ణయ సిద్ధాంతమును తానే చంపుకొనును. ఉంచగలరనినచో డ్రెడ్ స్కాట్ తీర్పును తలదాల్చిన దక్షిణమువారికి పరాయివాడగును. తీర్పు ఎట్లున్నను, కాపాడు చట్టములు, కావలి కాయు పోలీసులు లేనిదే బానిసత్వము ఒక్క దినమైనను నిలువజాలదనియు, స్థానిక ప్రజలు అట్టి చట్టములు చేయకుండిన చాలుననియు డగ్లస్ బదులు చెప్పెను. ఈ సమాధానము ఆయన అంతకుముందే ఇచ్చియున్నదే. లింకన్ ప్రశ్నతో అది పుట్టలేదు. అయితే అది పదునెక్కి, దేశమంతట అచ్చయి, దక్షిణ నాయకుల చెవిన పడినది ఫ్రీపోర్ట్ తరువాతనే. ఆ డిసెంబరులో సెనేటు డెమొక్రాట్లు డగ్లస్‌ను ప్రాంతముల సంఘపు అధ్యక్షత నుండి తొలగించిరి.

చార్ల్స్‌టన్ సభను చెప్పక దాటిపోవుట న్యాయము కాదు. లింకన్ తెల్లవారితో నల్లవారిని సమానము చేయజూచుచున్నాడని డగ్లస్ ఎల్లెడల రెచ్చగొట్టుచుండెను. ఆ ఆరోపణ వట్టి మాటల గారడి కాదు, ఓట్లను లాగు గాలము. 1853లో ఇల్లినాయ్ శాసనసభ స్వతంత్రులైన నల్లవారు సైతము ఆ రాష్ట్రమున వచ్చి స్థిరపడరాదని చట్టము చేసియుండెను. సెప్టెంబరు 18న లింకన్ లేచి, తాను రెండు జాతుల సాంఘిక, రాజకీయ సమానత్వమును కోరుటలేదనియు, నల్లవారిని ఓటర్లుగా గాని న్యాయనిర్ణేతలుగా గాని చేయుటకు, తెల్లవారితో వివాహమాడనిచ్చుటకు తాను అనుకూలుడను గాననియు స్పష్టముగా చెప్పెను. ఈ మాటలను చదివిన అభిమానులు పలువురు నేటికిని నొచ్చుకొందురు. ఓట్లకై పలికెనని కొందరు, కాలమాన పరిస్థితులని కొందరు సర్దిచెప్పజూతురు. పలికినది పలికినట్లు ఒప్పుకొనుట మేలు. దానితోపాటు ఆయనయే ఓటావా సభలో చెప్పిన మరియొక మాటను గూడ ఒప్పుకొనవలెను: తన చేతులతో సంపాదించిన రొట్టెను ఎవరి సెలవు లేకయు తినుటకు నల్లవానికి గల హక్కు, లింకన్‌కు గల హక్కుతోను, డగ్లస్‌కు గల హక్కుతోను సరిసమానము. డగ్లస్ ఈ రెండవ మాటను ఒక్కనాడును అనలేదు. బానిసత్వమునకు అనుకూలముగా ఓటు పడినను ప్రతికూలముగా పడినను తనకు పట్టింపు లేదనియే ఆయన వాదము.

లింకన్ చార్ల్స్‌టన్‌లోనే ఆగిపోలేదు. 1865 ఏప్రిల్ 11న, యుద్ధము ముగియవచ్చిన వేళ, చదువుకొన్న నల్లవారికిని, సైనికులుగా పోరాడిన నల్లవారికిని ఓటు హక్కు ఈయవలెనని ఆయన బహిరంగముగా పలికెను. ఆ గుంపులో నిలిచి విన్నవారిలో జాన్ విల్క్స్ బూత్ ఒకడు. మూడు దినములకు వాడు ఆయనను కాల్చెను.

వాదముల చివరి రోజులకు డగ్లస్ గొంతు రాసుకొనిపోయి, ముందువరుస దాటి వినరాకుండెను. లింకన్ సన్నని గొంతు మాత్రము చెడలేదు. గేల్స్‌బర్గ్‌లో గాలివాన భయముచేత వేదికను నాక్స్ కళాశాల గోడకు ఆనించి కట్టగా, తలుపు మూసికొనిపోయి ఇద్దరును కిటికీ గుండా వేదికనెక్కిరి. బడిచదువే సరిగా లేని లింకన్, ఎట్టకేలకు తానును కళాశాల దాటితినని నవ్వెనని చెప్పుకొందురు.

నవంబరు 2న ఓట్లు పడినవి. రాష్ట్రమంతట ఒకే పదవికి జరిగిన కోశాధికారి ఎన్నికను కొలతగా తీసికొన్నచో, రిపబ్లికన్లకు సుమారు 1,25,000, డగ్లస్ డెమొక్రాట్లకు సుమారు 1,21,000, బుకానన్ వర్గమునకు సుమారు 5,000 వచ్చెను. అనగా ఒక్కొక్క పక్షముగా చూచినచో జనబలము లింకన్ వైపుననే యుండెను. శాసనసభ లెక్క మాత్రము వేరు. దిగువసభలో డెమొక్రాట్లు 40, రిపబ్లికన్లు 35. ఎగువసభలో 14, 11.

ఇది యెట్లు జరిగెను? నియోజకవర్గముల హద్దులు 1850 నాటి జనాభా లెక్కలపై ఆధారపడినవి. అప్పుడు ఇల్లినాయ్ జనాభా 8,51,470. 1860 లెక్కలకు అది 17,11,951. రెండింతలు! ఈ పెరుగుదలలో ఎక్కువ పాలు రైళ్లు చేరిన ఉత్తరభాగమునది. చికాగో చుట్టుప్రక్కల తూర్పు రాష్ట్రములవారును, ఐరోపావారును వచ్చి దిగిరి. వారు హెచ్చుగా రిపబ్లికన్లు. హద్దులు మాత్రము పాతవే. అవి దక్షిణభాగమునకు, అనగా డెమొక్రాట్లకు, జనమునకు మించిన స్థానములు ఇచ్చినవి. ఆపైన ఎగువసభలో దాదాపు సగముమందికి ఆ యేడు ఎన్నికయే లేదు. ఆ పాతవారిలోను డెమొక్రాట్లదే పైచేయి. నియోజకవర్గముల పునర్విభజన అనినంతనే మన రాష్ట్రములలో వాదోపవాదములు చెలరేగుట దేనికో తెలియనివారు ఈ పట్టికను ఒకసారి చూడవలెను. అంతమాత్రాన లింకన్ ఓటమిని కేవలము గీతలపైన నెట్టుట సరికాదు. మధ్య మండలములలోని పాత విగ్ పక్షమువారు ఎటో తేల్చుకొనలేక యుండగా, వారు గౌరవించు కెంటకీ సెనేటరు క్రిట్టెండెన్ డగ్లస్‌ను బలపరచెను. ఆ దెబ్బ గట్టిగనే తగిలెను.

1859 జనవరి 5న ఉభయసభలును స్ప్రింగ్‌ఫీల్డ్ భవనమున కూడినవి. డగ్లస్‌కు 54, లింకన్‌కు 46. ఎవరును గీత దాటలేదు, ఎవరును ఓటు మార్చలేదు. నవంబరులోనే ముగిసిన కార్యమునకు ఇది ముద్ర మాత్రమే. వార్త తంతిపై అందగా, ప్రజావాక్యమే చెల్లుగాక అని డగ్లస్ బదులు పంపెను. ఎక్కువమంది ఓటు ఎటు పడినదో తెలిసిన ఇల్లినాయ్ రిపబ్లికన్లకు ఆ తంతి ఎట్లు వినబడియుండునో ఊహింపవచ్చును.

శాసనసభల ద్వారా ఎన్నుకొను ఈ పద్ధతి మరి అర్ధశతాబ్దము సాగెను. దాని చావునకు గూడ ఇల్లినాయే ఒక కారణమగుట విచిత్రము. 1909లో ఆ రాష్ట్ర శాసనసభ విలియం లోరిమర్ అను వానిని సెనేటునకు పంపెను. శాసనసభ్యులకు లంచములిచ్చి గెలిచెనను అభియోగముపై 1912లో సెనేటు ఆ ఎన్నిక చెల్లదని నిర్ణయించెను. 1913లో రాజ్యాంగమునకు 17వ సవరణ వచ్చి, సెనేటర్లను ప్రజలే నేరుగా ఎన్నుకొనసాగిరి. మన రాజ్యసభకు పరోక్ష పద్ధతియే నిలిచియున్నది. శాసనసభ్యుల ఓటు అమ్ముడుపోవుచున్నదను ఫిర్యాదులపై 2003లో బహిరంగ ఓటింగు ప్రవేశపెట్టబడెను. వ్యాధి ఒక్కటే, మందులు వేరు.

ఓడిన లింకన్ సంగతి. నవంబరు 19న ఒక మిత్రునకు వ్రాసిన లేఖలో, ఇక తాను కనుమరుగై మరువబడుదుననియు, అయినను తాను పోయిన చాలకాలమునకు గూడ స్వాతంత్ర్యమునకు పనికివచ్చు కొన్ని గురుతులు వేసితినని నమ్ముచున్నాననియు వ్రాసెను. మొదటి సగము తప్పాయెను, రెండవది నిజమాయెను. ఆయన పత్రికలలోని వాదములను కత్తిరించి ఒక పుస్తకమున వరుసగా అంటించుకొనెను. డగ్లస్ మాటలకు డగ్లస్ పక్షపు పత్రికను, తన మాటలకు తన పక్షపు పత్రికను గ్రహించెను, ఎవరును వంకపెట్టలేరు. ఆ కత్తిరింపుల పుస్తకమే 1860లో ఒహాయో రాష్ట్రపు కొలంబస్ నగరమున అచ్చయి, ఆ యేటి అధ్యక్ష ఎన్నికలో విరివిగా అమ్ముడుపోయెను. డగ్లస్ ఫ్రీపోర్ట్ సమాధానమును క్షమింపని దక్షిణమువారు వేరు అభ్యర్థిని నిలబెట్టగా డెమొక్రాట్ పక్షము చీలెను. లింకన్ గెలిచెను.

1861 ఏప్రిల్‌లో యుద్ధము మొదలైనప్పుడు డగ్లస్ లింకన్ వద్దకు పోయి, తన బలమంతయు దేశ సమైక్యతకే యని చెప్పెను. వెంటనే ఇల్లినాయ్ వచ్చి, ఏప్రిల్ 25న, రెండేండ్ల క్రితము తనకు 54 ఓట్లు వేసిన శాసనసభ యెదుట నిలిచి, పక్షభేదము విడిచి ప్రభుత్వమును నిలబెట్టుడని వేడుకొనెను. జూన్ 3న చికాగోలో మరణించెను. వయస్సు 48. ఖాళీయైన స్థానమునకు రిపబ్లికన్ గవర్నరు లింకన్ చిరకాల మిత్రుడైన ఓర్విల్ బ్రౌనింగ్‌ను నియమించెను. 1863 జనవరిలో ఆ స్థానమునకు మరల ఎన్నిక వచ్చెను. ఆ నెల 1వ తేదీననే లింకన్ బానిసల విముక్తి ప్రకటనపై సంతకము చేసియుండెను. ఇల్లినాయ్ శాసనసభ ఆ జనవరిలో సెనేటునకు పంపినది డెమొక్రాట్ అయిన విలియం రిచర్డ్‌సన్‌ను.